హారతి పళ్లెంలో లేని చెట్టు

గుళ్లో హారతి పళ్లెంలో, తిరుమల అఖిలాండం దగ్గర, కొత్త బండి ముందు, దిష్టి తీసే గుమ్మడికాయ మీద మనం వెలిగించే కర్పూరం ఎక్కడి నుంచి వస్తుందని అడిగితే, కర్పూరం చెట్టు నుంచి అనే జవాబు చెబుతారు చాలామంది. ఒకప్పుడు అది నిజం. ఇవాళ కిరాణా కొట్లో దొరికే హారతి బిళ్లకు ఆ చెట్టుతో దాదాపు ఏ చుట్టరికమూ లేదు. పైన్ చెట్ల బంక నుంచి తీసిన టర్పెంటైన్‌ను బరేలీలోనో, కాంచీపురం దగ్గరో, మహారాష్ట్రలో ఖోపోలీ దగ్గరో ఉన్న ఫ్యాక్టరీల్లో నాలుగైదు దశల్లో మార్చి ఆ తెల్లని పొడి చేస్తారు. ఈ సంగతి తెలిసినప్పుడు దేవుడికి కూడా నకిలీదేనా అని మనసు కష్టపెట్టుకునేవాళ్లున్నారు. వాళ్ల భక్తిని తక్కువ చేయకుండానే ఒక మాట చెప్పాలి. కర్పూరం చెట్టు ఇవాళ భూమ్మీద నిక్షేపంగా ఉందంటే, మనకు దాని మానుతో అవసరం తీరిపోవడమే పెద్ద కారణం. అసలైనదే కావాలనే పట్టుదల మళ్లీ పెరిగితే గొడ్డలి ఎటు తిరుగుతుందో చరిత్రలో స్పష్టంగా ఉంది. ఇంకో చెట్టుంది. మన పచ్చకర్పూరానికి అసలు తల్లి అదే. దానికి ఈ అదృష్టం పట్టలేదు. దాని పేరు మనలో చాలామందికి తెలియను కూడా తెలియదు.

ముందు మనకు తెలిసిన చెట్టు సంగతి. దక్షిణ చైనా, తైవాన్, వియత్నాం, దక్షిణ జపాన్ దీని పుట్టిళ్లు. దాల్చినచెక్క, బిర్యానీ ఆకు కుటుంబంలోదే. ఏడాదంతా పచ్చగా, గొడుగులా పరుచుకుని, వందల ఏళ్లు బతుకుతుంది. వసంతంలో పాత ఆకులు ఎర్రబడి రాలుతుంటే, వాటి వెంటే లేత ఎరుపు చిగుళ్లు వచ్చేస్తాయి. కొమ్మ బోడిగా కనిపించే రోజంటూ ఉండదు. ఆకును చేతిలోకి తీసుకుని తిరగేసి చూడండి. అడుగు దగ్గర మూడు ఈనెలు విడిపోతాయి. అవి చీలే మూలల్లో చిన్న చిన్న గుంటలుంటాయి. వాటిలో కంటికి ఆనీ ఆననంత పురుగులు కాపురం ఉంటాయి. ఆకు నలిపితే వాసన గుప్పుమంటుంది. ఆ వాసన ఇచ్చే నూనె ఆకులో, కొమ్మలో, కాండంలో, వేళ్లలో అంతటా ఉంటుంది. వయసు మీరిన మానులో, వేరు మొదట్లో బాగా పేరుకుంటుంది. చెట్టుకు వచ్చిన చేటంతా అక్కడే ఉంది.

పాత పద్ధతిలో కర్పూరం తీయాలంటే యాభై ఏళ్లు దాటిన మానును నరికి, వేళ్లు కూడా తవ్వి, చిన్న చెక్కలుగా చెక్కి, నీటి ఆవిరి పట్టించేవారు. ఆవిరితో పాటు పైకి లేచిన కర్పూరం చల్లటి పాత్ర గోడలకు గడ్డకట్టేది. ఆ చెట్టు మళ్లీ పెరగాలంటే ఒక మనిషి జీవితం పట్టేది. 19వ శతాబ్దం చివరికి ప్రపంచానికి కావలసిన కర్పూరంలో సింహభాగం తైవాన్ కొండల నుంచి వచ్చేది. దాని మీద పెత్తనం కోసం జరిగినవి చూస్తే, పూజాద్రవ్యమని మనం అనుకునేది ఎంత రక్తం చూసిందో అర్థమవుతుంది. 1868లో చైనా అధికారులు ఒక బ్రిటిష్ సంస్థ కర్పూరాన్ని జప్తు చేస్తే, బ్రిటిష్ యుద్ధనౌకలు వచ్చి ఆన్‌పింగ్ రేవు మీద గుళ్లు కురిపించాయి. 1895లో తైవాన్ జపాన్ చేతికి వచ్చింది. 1899లో జపాన్ అక్కడి కర్పూరాన్ని ప్రభుత్వ గుత్తాధిపత్యం చేసింది. మిగిలిన చెట్లు అటాయల్ వంటి ఆదివాసుల కొండల్లో ఉన్నాయి. అందుకని వాళ్ల నేల చుట్టూ కాపలా గీత గీసి, విద్యుత్ కంచెలు వేసి, ఏటా దాన్ని లోపలికి జరుపుకుంటూ పోయారు. 1910లో గవర్నర్ జనరల్ సకుమా అయిదేళ్ల దండయాత్ర ప్రణాళికే మొదలుపెట్టాడు. గొడ్డలి వెళ్లడానికి దారి తుపాకీ వేసింది.

ఇంత కర్పూరం ఎవరికి కావలసి వచ్చింది? మన గుళ్లకైతే కాదు. 1870 ప్రాంతంలో అమెరికాలో హయత్ సోదరులు నైట్రోసెల్యులోజ్‌లో కర్పూరం కలిపి సెల్యులాయిడ్ చేశారు. దువ్వెనలు, బొత్తాలు, బొమ్మలు, బిలియర్డ్స్ బంతులు, 1889 నుంచి ఫిల్మ్ చుట్టలు దానితోనే వచ్చాయి. కర్పూరం కలవకపోతే ఆ పదార్థం పెళుసుగా విరిగిపోతుంది. కలిస్తే వంగుతుంది, సాగుతుంది. 1950ల మొదట్లో భద్రమైన ఫిల్మ్ వచ్చేదాకా 35 మిల్లీమీటర్ల సినిమాలు ఎక్కిన ముడి ఫిల్మ్ ఇదే. అంటే 1932లో విడుదలైన మన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ కూడా కర్పూరం కలిసిన ఫిల్మ్ మీద నడిచిన కథే. టేబుల్ టెన్నిస్ పోటీల్లో 2014 దాకా సెల్యులాయిడ్ బంతులే ఆడేవారు. ఒక చెట్టు లోపలి పదార్థం ఒక యుగపు వినోదాన్నంతా మోసింది. ఆ యుగం ఇంకో యాభై ఏళ్లు అదే చెట్టు మీద ఆధారపడి ఉంటే తైవాన్ కొండల్లో పెద్ద మాను మిగిలేది కాదు.

అడ్డుపడింది రసాయనశాస్త్రం. ఫిన్లాండ్‌కు చెందిన గుస్తాఫ్ కొంపా 1903లో కర్పూరాన్ని ప్రయోగశాలలో పూర్తిగా తయారు చేసి చూపించాడు. 1907లో అక్కడే పరిశ్రమ స్థాయిలో తయారీ మొదలైంది. టర్పెంటైన్ నుంచి తీసే దారి ఇంకా చవకైంది. జర్మనీ, తర్వాత అమెరికా ఆ దారి పట్టాయి. టర్పెంటైన్‌లో ముఖ్యంగా ఉండే ఆల్ఫా పైనీన్‌ను క్యాంఫీన్‌గా, దాన్ని ఐసోబోర్నైల్ ఎసిటేట్‌గా, దాన్ని ఐసోబోర్నియోల్‌గా మారుస్తారు. చివరికి హైడ్రోజన్ తీసేస్తే మిగిలేది కర్పూరం. పది కార్బన్లు, పదహారు హైడ్రోజన్లు, ఒక ఆక్సిజన్. చెట్టులోనూ అదే అణువు, ఫ్యాక్టరీలోనూ అదే అణువు. ఒకే ఒక్క తేడా ఉంది. చెట్టు చేసే అణువులన్నీ ఒకే వాటంగా ఉంటాయి, అందుకే వాటి గుండా పంపిన ధ్రువిత కాంతి కుడివైపు తిరుగుతుంది. ఫ్యాక్టరీలో సాధారణంగా కుడి, ఎడమ వాటాలు సమంగా కలిసి వస్తాయి, కాంతి తిరగదు. వాసన, మంట, గాలిలో ఆవిరైపోయే గుణం రెండింటిదీ ఒకటే. పచ్చకర్పూరం డబ్బాలో మన పెద్దవాళ్లు మిరియాలు వేసి బిగించి మూత పెట్టేది ఈ ఆవిరికి భయపడే.

అయినా దేవుడి ముందు పెట్టేది ప్రకృతి ఇచ్చిందే కావాలని వాదించేవాళ్లకు సమాధానం చెప్పుకోవాలి. కర్పూరహారతిలో భక్తులు చూసే అర్థం ఏమిటి? వెలిగి, వెలుగిచ్చి, బూడిద కూడా మిగల్చకుండా పోవడం. ఆ గుణం అణువుది. అది ఏ మానులోంచి వచ్చిందన్నది పూజకు అడ్డు కాదు. టర్పెంటైన్ కూడా చెట్టు బంకే కదా. ఇక పొగ మాట. నల్ల మసి వస్తే కల్తీ అని, రాకపోతే అసలని ఒక నమ్మకం పాతుకుపోయింది. కార్బన్ ఇంత దండిగా ఉన్న పదార్థం మామూలు గాలిలో మండితే మసి రాక తప్పదు. తైవాన్ కర్పూరం వెలిగించినా పళ్లెం అడుగు నల్లబడుతుంది. కల్తీ చూసుకోవాలంటే మసి కన్నా మిగిలేదాన్ని చూడాలి. బిళ్ల పూర్తిగా కాలాక పళ్లెంలో మైనంలాంటి మరకో గడ్డో మిగిలితే అందులో వేరేది కలిసిందని అర్థం. భీమసేని, దేశవాళీ, సహజ అని డబ్బా మీద అచ్చు వేసి రెట్టింపు ధర పెట్టినంత మాత్రాన లోపల ఉన్నది చెట్టుదని రుజువు కాదు.

భీమసేని అన్న పేరే మనల్ని రెండో చెట్టు దగ్గరికి తీసుకెళుతుంది. పూర్వం ఆ పేరుతో చలామణీ అయింది సుమత్రా, బోర్నియో అడవుల కర్పూరం. అది వచ్చే చెట్టుకూ చైనా చెట్టుకూ కుటుంబమే వేరు. పశ్చిమ సుమత్రా తీరంలో బారుస్ అనే రేవు నుంచి అది ఓడలెక్కేది. అరబ్బులు ఫన్సూర్ అన్న చోటు అదే. అక్కడ దొరికిన 1088 నాటి తమిళ శాసనం అయ్యావళి ఐదువందల స్వాముల వర్తక శ్రేణిది. దక్షిణాది వర్తకులు ఆ రేవులో స్థిరంగా ఉన్నారనడానికి అది సాక్ష్యం. ఆ సరుకు మన తీరానికీ వచ్చింది. ఇప్పటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లిలో కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనం చదివితే ఆశ్చర్యమేస్తుంది. తుఫానుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును రాజులు లాక్కునే అలవాటు మాని, సుంకం మాత్రమే తీసుకుంటామని సముద్ర వర్తకులకు మాటిచ్చి, ఏ సరుకుకు ఎంతో అందులో రాయించాడు. చందనం, ముత్యాలు, దంతాల నడుమ కర్పూరం ఉంది. దాని పక్కనే చీని కర్పూరం వేరుగా ఉంది. ఎనిమిది వందల ఏళ్ల కిందటి సుంకాల లెక్కలో కర్పూరం ఒకటి కాదు. ఇవాళ్టి డబ్బా మీద ఆ పాటి వివరం కూడా ఉండదు. ఆ తర్వాత శతాబ్దంలో కొండవీటి కుమారగిరిరెడ్డి వసంతోత్సవాల్లో కర్పూరం వెదజల్లించి కర్పూర వసంతరాయలు అనిపించుకున్నాడు. ఆ పరిమళ ద్రవ్యాలు సమకూర్చింది అవచి తిప్పయసెట్టి. శ్రీనాథుడు హరవిలాసాన్ని అంకితమిచ్చింది ఈ సెట్టికే. మన ఉత్సవాల ఘనత వెనుక ఎక్కడో ఒక అడవి ఉందన్న ఆలోచన ఆ వైభవ వర్ణనల్లో కనిపించదు. కనిపించాలని అప్పటివారిని అడగడం న్యాయం కాదు. ఇప్పుడు మనల్ని మనం అడగవచ్చు.

సుమత్రా చెట్టు అరవై మీటర్లు దాటి పెరిగే మహావృక్షం. కౌలాలంపూర్ శివారు కెపాంగ్‌లో ఉన్న అటవీ పరిశోధన సంస్థ తోటలో ఈ చెట్ల కింద నిలబడి తలెత్తి చూసినవాళ్లకు ఒక వింత కనిపిస్తుంది. ఒక చెట్టు తల పక్క చెట్టు తలను తాకదు. ఆకుల మధ్య సన్నని ఆకాశపు గీతలు వాగుల్లా మెలికలు తిరుగుతూ ఉంటాయి. దీని కర్పూరం మాను లోపలి పగుళ్లలో పలుకులుగా గడ్డకడుతుంది. కానీ ప్రతి చెట్టులోనూ ఉండదు. ఉందో లేదో బయటి నుంచి తెలియదు. అందుకే వెతికేవాళ్లు ఒక్క పలుకుల చెట్టు కోసం ఎన్నో వట్టి చెట్లను పడగొట్టేవారు. మలయా అడవుల్లో జకున్ ప్రజలు కర్పూరం వేటకు వెళ్లినప్పుడు మామూలు మాటలు మానేసి, అందుకోసమే ఉన్న వేరే మాటలు వాడేవారు, తిండిలో నియమాలు పాటించేవారు. ఆ నియమాలు వేటను కొద్దిమందికి, కొద్ది రోజులకు పరిమితం చేశాయి. ఆధునిక కలప వ్యాపారానికి ఏ నియమమూ లేదు. కపూర్ అనే పేరుతో దీని కలప ప్రపంచమంతా ఇళ్ల నిర్మాణానికి వెళ్లింది. మిగిలిన లోతట్టు అడవి నేలను పామాయిల్ తోటలు ఆక్రమించాయి. ఇది ఇప్పుడు అంతర్జాతీయ ముప్పు జాబితాలో ఉన్న జాతి. దూరదేశపు చెట్టు గొడవ మనకెందుకని అనిపించవచ్చు. ముఖ్యంగా శేషాచలం, వెలిగొండల్లో పుట్టే తంబజాలారి చెట్టు దీని కుటుంబంలోదే. దాని బంక మన గుళ్లలో ధూపమైంది, దాని మాను ధ్వజస్తంభమైంది. అదీ అంతరించే ప్రమాదంలోనే ఉంది. పూజకు ద్రవ్యమిచ్చిన చెట్టు పూజ వల్లనే బతుకుతుందన్న భరోసా ఎక్కడా లేదు.

ఇక్కడ గట్టి అభ్యంతరమే ఒకటుంది. చైనా కర్పూరం చెట్టుకు ప్రమాదమే లేనప్పుడు దాని సంరక్షణ గురించి ఎందుకు మాట్లాడాలి? ప్రమాదం లేకపోవడమేమిటి, ఆస్ట్రేలియాలో అదే ఒక ప్రమాదం. 1822లో నీడ కోసం తెచ్చిన చెట్టు న్యూ సౌత్ వేల్స్ ఉత్తర ప్రాంతంలో కలుపై కూర్చుంది. అక్కడి బిగ్ స్క్రబ్ అనే వర్షారణ్యాన్ని పశువుల మేతకోసం నరికేశాక, ఖాళీ నేలలో పావురాలు దీని నల్ల పళ్లు తిని గింజలు చల్లుతూ పోయాయి. ఫ్లోరిడాలోనూ ఇది దురాక్రమణ జాతే. ఆ మాట నిజమే కాబట్టే జాగ్రత్తగా విడదీసి చూడాలి. చెట్ల సంఖ్య బాగుండడం వేరు, ముసలి మానులు, జాతి లోపలి వైవిధ్యం బాగుండడం వేరు. నగర వీధుల్లో నాటిన లక్ష మొక్కలు ఒక్క పాత మానుకు సాటిరావు. జపాన్‌లో కగోషిమా ప్రాంతం ఐరా పట్టణంలోని హచిమన్ ఆలయం ముందున్న కర్పూరం చెట్టు మొదలు చుట్టుకొలత 24 మీటర్లు. వయసు 1500 ఏళ్లని అంచనా. 1952లో దాన్ని విశేష ప్రకృతి స్మారకంగా ప్రకటించారు. నాగసాకిలో సన్నో ఆలయం చెట్లు అణుబాంబు పడిన చోటికి 800 మీటర్ల దూరంలో కాలి మోడులై, మళ్లీ చిగిర్చాయి. వాటిని నిలిపింది ఆలయ ప్రాంగణమే. గుడి చెట్టును కాపాడగలదనడానికి ఇంతకన్నా రుజువక్కర్లేదు.

వైవిధ్యం మాట ఇంకా లోతైనది. కర్పూరం చెట్లన్నీ చూపులకు ఒకటే. ఆకు నూనె తీస్తే మాత్రం ఒక చెట్టులో కర్పూరం, ఇంకోదాంట్లో లినలూల్, మరోదాంట్లో యూకలిప్టస్ వాసన ఇచ్చే సినియోల్, కొన్నింటిలో సుమత్రా చెట్టులో ఉండే బోర్నియోల్ ఎక్కువగా ఉంటాయి. దీని విలువ అమెజాన్‌లో తెలిసింది. అత్తర్ల తయారీలో వాడే లినలూల్ కోసం బ్రెజిల్ రోజ్‌వుడ్ చెట్లను దాదాపు ఊడ్చేశారు. 2010లో దాని వ్యాపారం మీద అంతర్జాతీయ నియంత్రణ వచ్చింది. ఆ లినలూల్‌కు బదులుగా నిలిచినవాటిలో చైనా కర్పూరం చెట్టు ఆకు నూనె ఒకటి. జియాంగ్సీ ప్రాంతంలో ఎంచిన రకాలను పొదలుగా పెంచి, కొమ్మలు కోసి, ఆకులు ఆవిరి పట్టి నూనె తీస్తారు. మొదలు అలాగే ఉంటుంది, మళ్లీ చిగురిస్తుంది. ఆకు నుంచి కర్పూరం తీసే ప్రయత్నాలు 1900 ప్రాంతంలోనే సింహళంలో జరిగాయి. అంటే సహజ కర్పూరం నిజంగా కావలసిన చోట, మానును ముట్టకుండా తెచ్చుకునే దారి ఉంది. మన దేశంలోనే పెరిగే కర్పూర తులసి ఆకులోనూ కర్పూరం ఉంటుంది. ఏ చెట్టు నుంచి తీశామనే దానికన్నా చెట్టును బతికించి తీశామా, చంపి తీశామా అన్నది ముఖ్యం.

ఈ కొలతబద్ద పెట్టినప్పుడు హారతి బిళ్లను కూడా అదే కొలతకు నిలబెట్టాలి. పైన్ చెట్టు నుంచి బంక తీయడం మన తాటిచెట్టు గీతలాంటిదే. గీత తెలిసినవాడి చేతిలో చెట్టు ఏళ్ల తరబడి ఇస్తూ ఉంటుంది, ఆశపోతు చేతిలో ఎండిపోతుంది. ఉత్తరాఖండ్, హిమాచల్ చీర్ పైన్ అడవుల్లో పాత పద్ధతి మాను మీద లోతైన పెద్ద గాయాలు చేసేది. గాయం చుట్టూ బంక ఊరి ఉండడం వల్ల అడవి మంటలు అక్కడే పట్టుకునేవి, గాలికి మాను అక్కడే విరిగేది. చిన్న గీతలు, చిన్న రంధ్రాలు చేసే కొత్త పద్ధతులతో ఆ నష్టం తగ్గింది. టర్పెంటైన్ విదేశాల నుంచి కూడా వస్తుంది, అక్కడ గీత ఎలా ఉందో మన ప్యాకెట్టు చెప్పదు. కాబట్టి ఫ్యాక్టరీ కర్పూరం నిర్దోషి అని చెప్పడం లేదు. దాని దోషం దిద్దుకోగలిగేది. పడగొట్టిన మాను విషయంలో దిద్దుబాటు ఉండదు. మరి కర్పూరం మొక్కల్ని మన ఊళ్లలో నాటితే? డెహ్రాడూన్‌లో, నీలగిరుల్లో పెరిగినంత సుఖంగా రాయలసీమ ఎండలో, తెలంగాణ చెలకల్లో ఇది పెరగదు. పెరిగే చల్లటి తడి కొండల్లో నాటే ముందు ఆస్ట్రేలియాను గుర్తుచేసుకోవాలి. నాటాలన్న ఉత్సాహం ఉంటే గుడి భూముల్లో తంబజాలారికి చోటివ్వడం మేలు.

మనం చేయగలిగినది ప్యాకెట్టు దగ్గర మొదలవుతుంది. ఏ పదార్థం నుంచి తయారైంది, తినడానికా వెలిగించడానికా అనే రెండు మాటలు తెలుగులో స్పష్టంగా ఉండాలి. రెండో మాట ప్రాణానికి సంబంధించింది. ఒక గ్రాము కర్పూరం మింగినా పసిపిల్లలకు మూర్ఛ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. ఉయ్యాలకు కర్పూరం మూట కట్టే ఇళ్లలో, దేవుడి గూట్లో బిళ్లలు అందుబాటులో ఉంచే ఇళ్లలో ఇది తెలియాలి. లడ్డూలో, తాంబూలంలో చిటికెడు పడే పచ్చకర్పూరానికీ హారతి బిళ్లకూ డబ్బా రంగు తప్ప తేడా లేకుండా అమ్మడం తగదు. మొదటి మాట చెట్టుకు సంబంధించింది. తిరుమలలో స్వామివారి గడ్డం మీద పచ్చకర్పూరం అలంకరణ ఉంది, లడ్డూలో పచ్చకర్పూరం ఉంది. ఇంకా ఎన్నో ఆలయాలు పెద్ద ఎత్తున కర్పూరం కొంటాయి. కొనుగోలు షరతుల్లో ఒక్క వాక్యం చేరితే చాలు: హారతికి టర్పెంటైన్ కర్పూరం, నైవేద్యానికి ఆకు నుంచి తీసినది, మాను నరికి తీసినది దేనికీ వద్దు. ఇదంతా ఎవరు పరీక్షిస్తారని వ్యాపారులు అడుగుతారు. ఆకుదా మానుదా అన్నది కొనుగోలు కాగితాల్లో తేలాలి. చెట్టు కర్పూరమని చెప్పి ఫ్యాక్టరీ కర్పూరం అమ్మే మోసానికి మాత్రం పెద్ద ఖర్చు లేని పరీక్ష ఉంది. చెరకు రసంలో చక్కెర ఎంతుందో చూడటానికి మన చక్కెర ఫ్యాక్టరీల ప్రయోగశాలల్లో రోజూ వాడే పోలారిమీటరే కర్పూరం ద్రావణంలో కాంతి తిరిగిందో లేదో కొన్ని నిమిషాల్లో చెప్పేస్తుంది.